కిమ్‌ల బయట తాళం

"అమ్మమ్మా, కిమ్‌ల ఉన్నప్పుడు అమ్మనూ మామనూ లోపల పెట్టి, బయట తాళమేసి పనికి పోయేదానివంట, నిజమేనా?"

నిజమే బిడ్డ. మీ అమ్మ చెప్పిందా? మరేం చేయాలె చెప్పు. మీ తాత సాంచెలు, అవే కరెంటు మగ్గాలు, నడుపుడు, నేను పక్కనే నూలు కండెలు చుట్టుడు, ఇద్దరం షెడ్డుల్నే. సిరిసిల్ల నుంచి అంత దూరం పోయినోళ్లం, పిల్లలను చూసేటోళ్లెవరు?

కిమ్ అంటే సూరత్ పక్కన ఊరు, ముందుగాల అన్నీ చెరుకు తోటలేనంట. సూరత్‌ల జాగ పిరమైనంక సేట్లు ఇటొచ్చి షెడ్లు ఏసిండ్రు. మేం పోయేటాలకు ఊరంతా సాంచెల మీదనే బతుకుతుండె. అవి ఆడితేనే చాయ్ హోటలు, కిరాణం, మేముండే ఒంటి గది ఖోలీల కిరాయి. చాయ్ రూపాయి... కాదు కాదు, బారాణ, అంటే ముప్పావల. ఆ చప్పుడు ఆగితే మాకు భయమైతుండె.

ఆగింది ఒకనాడు. సూరత్‌ల ప్లేగు వచ్చిందన్నరు సూడు, అప్పుడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నోళ్లు వచ్చి, జర దగ్గినా సరే, పిల్లలను ఎత్తుకపోతున్నరని మా ఖోలీల లైన్ల పుకారు. నాకేమో ప్రతిదానికీ భయమేనాయె. పొద్దుగాల తాళమేసేటప్పుడు మీ అమ్మకు గట్టిగ చెప్పిన: "ఎవరు పిలిచినా పలుకొద్దు. నా పేరు చెప్పి పిలిచినా పలుకొద్దు. తమ్మున్ని దగ్గనియ్యకు." దానికి ఎనిమిదేండ్లు. మీ మామకు మూడు.

పదిగంటలు గాలేదు, సాంచెలన్నీ బందైనయి. అందరు స్టేషన్ దిక్కే ఉరుకుడు. మీ తాత అన్నడు, "నేను టికెట్ లైన్ల నిలబడ్త, నువ్వు పిల్లలను తీస్కరా." ముక్కుకు కొంగు కట్టుకొని ఉరికిన.

సగం తొవ్వల పక్క ఖోలీ జమునాబెన్ ఎదురొచ్చింది. "పిల్లలను తీస్కొద్దామని ఓనర్ దగ్గరి చావీతోని తాళం తీసి చూసిన బెన్, లోపల ఎవ్వరు లేరు" అన్నది. ఖోలీ దాకా ఉరికిన బిడ్డ ఇగ. ఎట్ల పోయిన్నో.

తాళం తీసిన. ఖాళీ. పిలిచిన, ఒర్రిన. ఉలుకు లేదు, పలుకు లేదు. ఎత్తుకపోయిండ్రనే అనుకున్న. ఊపిరాడక మూతిమీది కొంగు గుంజి పారేసి కింద కూలబడ్డ. అప్పుడు నా మొఖం కనబడ్డదేమో, మంచం కింది నుంచి, నూలు సంచుల ఎనుక నుంచి, "అమ్మా, నువ్వేనా?" అన్నది మీ అమ్మ.

సంచులు గుంజి చూస్తే... ఆగు, జర నీళ్లియ్యి.

తమ్మున్ని ఒళ్ల పెట్టుకొని వాని నోటి మీద అరచేయి అదిమిపట్టింది. ముక్కు కూడా మూసుకపోయిందని దానికేమెరుక? వాడు మెత్తగ వాలిపోయిండు. పెదవులు నీలం. దాని చేయి ఊడదీసిన. వీపు చరిచిన, నీళ్లు కొట్టిన. ఎంతసేపో నాకు తెల్వదు. ఆఖరికి దగ్గిండు, ఏడ్చిండు.

మీ అమ్మ ఏడ్వలే. "దగ్గనియ్యకు అన్నవు గదా" అన్నది.

ప్లేగు నేను చూడలే బిడ్డ. మా లైన్ల ఎవ్వరికి రాలే. నా ఇంట్ల పానం మీదికి తెచ్చింది నేను చెప్పిన మాటనే.

ఆ రైలు పోయింది, మేం ఎక్కలే. కొన్నాళ్లకు సాంచెలు మల్ల ఆడినయి, పోయినోళ్లు వచ్చిండ్రు. నేను మాత్రం కండెలు ఇంటికే తెచ్చుకొని, తలుపు తెరిచిపెట్టి చుట్టిన. కూలి తక్కువ, తక్కువైతే అయింది...

ఇటు రా. రేపు నీ కడుపున పుట్టేటోళ్లకు నా భయం అంటకుండ, సల్లగుండు బిడ్డ.