పిన్ని చదివిన నవల, కాజాలమ్మ చూసిన సినిమా

రండర్రా, ఇటు దగ్గరగా వచ్చి కూర్చోండి. గుమ్మంలో నిలబడి కాకిగోల పెడితే మీ తగువేమిటో నాకెలా తెలుస్తుంది? ఒరేయ్ చింపిరిజుట్టూ, ఆ చాప ఇలా లాగు. చిన్నదాన్ని ముందుకు రానివ్వు, దాని కాలు తొక్కకు. ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఏమిటీ? నవల గొప్పదా, నవలని సినిమాగా తీస్తే అది గొప్పదా? ఇంతోటిదానికా జుట్లు పట్టుకున్నారు! ఏమే బుజ్జమ్మా, నువ్వేమంటావు? పుస్తకంలో ఉన్నట్టు తీయలేదు గనక సినిమా చెత్త అంటావు. బాగుంది. మా పిన్ని పనిచేసే చోట కూడా ఆడవాళ్ళంతా అచ్చం నీలాగే తీర్పు చెప్పారు, నీకన్నా గట్టిగా అరిచి మరీ. మా పిన్ని మీకు తెలీదులే. మీ అమ్మలు పుట్టకముందే పోయింది. ఇదంతా ఆవిడ నాకు చెప్పిందే, కొంత ఆ గదిలో పనిచేసిన వాళ్ళు చెప్పింది.

పిన్ని చొక్కాలు కుట్టే కంపెనీలో పనిచేసేది. ఒక పెద్ద గదినిండా మిషన్లు, చెవులు చిల్లులు పడే మోత. దాని వెనకాల ఇంకో గది, చేతిపని గది అనేవాళ్ళు. కాజాలు, బొత్తాలు, అంచుమడతలు అన్నీ అక్కడ చేత్తోనే. మధ్యలో సందూ రెండు తలుపులూ ఉండటాన నిశ్శబ్దంగా ఉండేది, సూది కిందపడితే వినపడేటంత. అంత నిశ్శబ్దంలో పొద్దస్తమానం తల వంచుకుని కూర్చుంటే మనిషికి పిచ్చెక్కదూ? అందుకని వాళ్ళలో వాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒకరు పని పక్కన పెట్టి పుస్తకం చదవాలి, ఆ ఒకరి వంతు పని మిగతావాళ్ళు తలా కాస్తా కుట్టేయాలి. మేస్త్రీకి తెలుసు. లెక్క తేలితే చాలు ఆయనకి, పైగా తలుపు దగ్గర నిలబడి తనూ వినేవాడు, దగ్గొచ్చినట్టు నటిస్తూ. గదిలో చదువు బాగా వచ్చింది పిన్నికే. గొంతా, అబ్బో! ముసలాడి మాట ముసలాడిలా, కోడలి మాట కోడలిలా పలికేది. ఒకసారి కథలో అత్తగారు తిట్టే తిట్లు చదువుతుంటే, గుమ్మం ముందునుంచి వెళ్తున్న ఒకావిడ పరిగెత్తుకొచ్చి “ఎవరే నన్ను అంటున్నది?” అని కొంగు బిగించిందట. సరే, అది వేరే కథ. ఏం చెప్తున్నాను? ఆఁ, నవల.

ఆ గదిలో కాజాలమ్మ అని ఉండేది. కాజా కుట్టిందంటే కన్నం చుట్టూ దారం పేర్చి పోతపోసినట్టుండేది, ఆ పేరే మిగిలిపోయింది పాపం. పెళ్ళయిన ఏడాదిలోనే మొగుడు దూరదేశంలో రైలుదారి వేస్తున్నారంటే పనికి వెళ్ళాడు. కొన్నాళ్ళు కబుర్లొచ్చాయి. తర్వాత రాలేదు. తోడు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, “అక్కడి కొండ దాటి ఇంకో చోటికి పోయాడమ్మా, అంతకుమించి మాకు తెలీదు” అన్నారు. ఉన్నాడో లేడో చెప్పేవాళ్ళు లేరు. ఉన్నాడనుకుని బతుకుతోంది ఈవిడ. అదిగో, సరిగ్గా ఆ రోజుల్లో పిన్ని ఈ నవల పట్టుకెళ్ళింది. అందరూ గొప్పదని చెప్పుకునే పాత నవల, చదివినవాళ్ళు మాత్రం తక్కువ. ఒక పిల్ల, ఒక కుర్రాడు, ప్రేమ. వాడు మంచుకొండల్లో భూమి కొలిచే పనికి వెళ్తాడు. “నేను వచ్చేదాకా కిటికీ తెరిచే ఉంచు” అంటాడు. ఈ పిల్ల కిటికీ దగ్గరే కూర్చుంటుంది, చలికాలాలు వస్తాయి, పోతాయి. ఇహ గదిలో అందరికీ ఏడుపే ఏడుపు. చొక్కాలు కుట్టించుకున్న మహానుభావులకి తెలీదు గాని, ఆ నెల బొత్తాల కింద అన్నీ కన్నీళ్ళే.

పిన్నికి ఒక అలవాటుంది. గంట కొట్టే వేళకి ఎక్కడ ఆపితే రుచిగా ఉంటుందో చూసుకోవాలని ఇంటి దగ్గర ముందే చదివేసేది. అలా ఆఖరి అధ్యాయం చదివింది. వాడు రాడు. మంచులో పడి పోయాడని కబురొస్తుంది. మర్నాడు పుస్తకం పట్టుకుని వెళ్ళిందా, కాజాలమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. “అక్కా, ముందే చెప్పకు. చెప్తే కథలో పస ఉండదు. కానీ... వస్తాడు కదూ?” అంది. అడిగి తనే తలొంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది, ఎక్కట్లేదు. పిన్ని పుస్తకం తెరిచింది. పేజీలు తిప్పుతూనే ఉంది, కళ్ళు పేజీ మీదే ఉన్నాయి, నోట్లోంచి మాత్రం పుస్తకంలో లేనిది వస్తోంది. వాడు వచ్చాడు. ఒక కాలు కుంటుతూ, గడ్డం పెరిగి, కిటికీ దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచాడు. గదంతా గొల్లుమంది. బొత్తాలు కుట్టే పెద్దమ్మ ఉండేది, మహా గయ్యాళి, ఆవిడైతే కుడుతున్న చొక్కా చేతికే ముక్కు తుడుచుకుని, “మేస్త్రీ, ఇది ఉతకాలి” అందట!

మరి అంతటితో పోయిందా? పోలేదు. ఏటా చలి మొదలవగానే “ఆ నవల తీయవే” అనేవాళ్ళు. లేని ఆఖరిముక్క ప్రతిసారీ ఒకేలా చెప్పాలి పిన్ని. తేడా వస్తే ఊరుకునేవాళ్ళా! “ఆగాగు, పోయినసారి ఎడమకాలు కుంటి అన్నావు, ఇప్పుడు కుడికాలు ఎలా అయింది?” అని పెద్దమ్మ పట్టుకునేది. పిన్ని నాలుక కరుచుకుని, “అవునవును, వరస తప్పాను” అనేది. నవ్వొస్తోంది కదూ? పిన్నికీ మొదట్లో నవ్వే వచ్చేది. కాజాలమ్మ మొహం కళకళలాడుతుంటే ఎంత మంచి పని చేశానో అనుకుంది. నిజంగానే ప్రేమతోనే చేసింది, ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను.

ఇప్పుడు ఇంకో మనిషి. చేతిపని గదికి మిషన్ల గదికి మధ్య సందులో ఇస్త్రీ బల్ల ఉండేది. అక్కడొక ఆయన. భార్య పోయింది, పిల్లల్లేరు, మాట తక్కువ. చలికాలం పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతే కాజా కుట్టడం ఎంత కష్టమో మీకేం తెలుసు! ఈయన అందరికన్నా ముందొచ్చి, ఒక గుడ్డ మడత ఇస్త్రీపెట్టె కింద వేడిచేసి, కాజాలమ్మ కూర్చునే చోట పెట్టి వెళ్ళిపోయేవాడు. చేతులు దాంట్లో పెట్టుకుని కాచుకునేదావిడ. ఎవరు పెట్టారని అడగలేదు, ఆయన చెప్పలేదు. గదిలో అందరికీ తెలుసు. పెద్దమ్మ మాత్రం, “నా వేళ్ళు ఇనపవేళ్ళు కాబోలు, నాకెవరూ గుడ్డ పెట్టరు!” అని దెప్పేది. చివరికి ఒకరోజు ఆయన పిన్నిని పక్కకి పిలిచి, నేల చూస్తూ, “అమ్మా, మీరొక మాట అడిగి చూస్తారా” అన్నాడు. అంతే. ఏ మాటో చెప్పలేదు. చెప్పాలా?

పిన్ని అడిగింది. “ఏళ్ళు గడిచాయే, నిన్నెవరూ తప్పుపట్టరు. మనిషి మంచివాడు” అంది. కాజాలమ్మ ముందు చేతిలో కాజా ముడివేసి దారం తెంపింది. ఆ తర్వాత అంది కదా: “నాకూ ఆయనంటే... అది కాదక్కా. నవల్లో ఆ పిల్ల ఇలాగే తొందరపడి కిటికీ మూసుకుని ఉంటే? వాడొచ్చి పిలిచినప్పుడు ఎవరు పలికేవాళ్ళు?” విన్నారా? పిన్ని చెప్పేయాల్సిన క్షణం అదే. నోటిదాకా వచ్చింది. “ఒసేవ్, అది నేను కల్పించింది” అనాలి, అంతే కదా, ఎన్ని మాటలు? ఆ కళ్ళలోకి చూసి అనలేకపోయింది. ఇంకోసారి అడుగుదాం, ఇంకోసారి చెప్దాం అనుకుంటూ ఉండగానే ఆ ఇస్త్రీ ఆయన వాళ్ళ అక్కగారి ఊరు వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు పొద్దున కూడా గుడ్డ వెచ్చగానే ఉందట.

ఇదిగో, అప్పుడొచ్చింది సినిమా. గోడనిండా బొమ్మలు, కిటికీలో పిల్ల, వెనక మంచుకొండ. గదంతా పెళ్ళివారిల్లయిపోయింది. “మన నవల! మన నవల సినిమా తీశారే!” పిన్ని మాత్రం, “ఎందుకే, సినిమావాళ్ళు నవలల్ని ముక్కలుచెక్కలు చేస్తారు, చూస్తే మనసు పాడవుతుంది” అని చెప్పి చూసింది. వింటారా? సెలవురోజు మధ్యాహ్నం ఆటకి బిలబిలమంటూ ఒక వరసంతా ఆక్రమించారు. మొదటినుంచీ తీర్పులే. “ఈ పిల్ల మరీ బక్కది.” “వాడి మీసం బాలేదు, మన వాడికి ఇలా ఉండదు.” “ఆ పిల్ల మేనమామ మాత్రం అచ్చు దిగిపోయాడే, అక్క చదివిన గొంతులాగే ఉంది గొంతు!” ముందు వరసాయన వెనక్కి తిరిగి, “అమ్మా, కాస్త మమ్మల్ని కూడా విననిస్తారా” అంటే, “మేం చదివిన నవలయ్యా ఇది, నీకు తెలీనిది అడుగు, చెప్తాం” అంది పెద్దమ్మ. పిన్నికి ఇవేవీ చెవికెక్కట్లేదు. రెండు సీట్లవతల కాజాలమ్మ వంకే చూస్తోంది.

మరి ఆఖరున వాడు రాలేదు. పుస్తకంలో ఉన్నట్టే కబురొచ్చింది. ఆ పిల్ల ఏడ్చింది, లేచింది, మొహం కడుక్కుంది, కిటికీ మూసింది. తెర నల్లబడింది. తర్వాత మొదలైంది చూడండి! దుమ్మెత్తిపోశారు. “ఛీ! బంగారంలాంటి నవలని బుగ్గిపాలు చేశారు!” అని హాలు మేనేజరు గది ముందు మూగారు. ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ బయటికొచ్చి, “అమ్మా, ఆ నవల నేనూ చదివాను. మా ఆవిడకి చదివి వినిపించాను కూడా. పొల్లుపోకుండా అలాగే తీశారు” అన్నాడు. “ఏం చదివావు నీ మొహం! వాడు ఎడమకాలు కుంటుకుంటూ రాలా?” అని పెద్దమ్మ ఆయన మీదకి వెళ్ళి, పిన్ని చెయ్యి పట్టి ముందుకు లాగింది. “చెప్పవే నువ్వు. ఏముందో నువ్వు చెప్పు.” అందరి చూపులూ పిన్ని మీదే. కాజాలమ్మ గోడకి ఆనుకుని ఉంది, తలెత్తలేదు. పిన్ని అంది: “మార్చేశారు. నవల్లో వస్తాడు.” మేనేజరు ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. “అయితే నాకే గుర్తులేదేమోలెండి” అని మెల్లిగా లోపలికి వెళ్ళిపోయాడు. మంచివాడు పాపం.

దారిలో అందరూ ఎవరి సందుల్లోకి వాళ్ళు తిరిగిపోయాక పిన్ని, కాజాలమ్మ మిగిలారు. కాజాలమ్మ అంది, “అక్కా, అందరూ తిట్టారు గాని, నాకు సినిమానే బాగుంది.” “అదేమిటే, వాడు చచ్చిపోతే బాగుందా?” “వాడి సంగతి కాదక్కా. ఆ పిల్ల. తెలిసింది, ఏడ్చింది, కిటికీ మూసుకుంది. ఆ మూయగానే గదిలో దీపం ఊగడం ఆగింది, చూశావా? నవల రాసినాయన వాడిని తిరిగి తెచ్చాడే గాని, అన్ని చలికాలాలు ఆ గాలిలో కూర్చున్న పిల్లమీద ఆయనకి జాలి లేదక్కా. సినిమా తీసినాయనకి ఉంది.” కాస్త దూరం నడిచాక, “ఈ సినిమా ఇంకొంచెం ముందొచ్చి ఉంటే బాగుండేది” అంది.

మర్నాడు పిన్ని నవల పట్టుకెళ్ళింది. ఎవరూ అడగకుండానే ఆఖరి అధ్యాయం తీసి, ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టింది. సగం కాకముందే గోల! “ఏమిటే, నువ్వూ సినిమా చూసొచ్చి వాళ్ళ పాటే అందుకున్నావా?” “ఇందులో ఇలాగే ఉంది, చూడండి” అని పుస్తకం చూపించింది. పెద్దమ్మ చేత్తో తోసేసింది. “మాకు చదువు రాదనేగా! ఇన్నేళ్ళు మా చెవులతో విన్నాం. మా వాడు వచ్చాడు.” నమ్మలేదర్రా. ఒక్కళ్ళు కూడా నమ్మలేదు. కాజాలమ్మ చేతిలో సూది మాత్రం ఆగిపోయింది. సాయంత్రం అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, “మొదటినుంచీ ఇంతేనా అక్కా?” అని అడిగింది. పిన్ని తల ఊపింది. తిడుతుందనుకుంది. జుట్టు పట్టుకుంటుందనుకుంది, పట్టుకుంటే బాగుండునని కూడా అనుకుంది. ఆవిడ వెనక్కి వెళ్ళి కూర్చుని, “సగంలో వదిలితే దారం లేచిపోతుంది” అని ఆ కాజా పూర్తిచేసి, చొక్కా మడతపెట్టి వెళ్ళింది. ఆ మర్నాడు మేస్త్రీని అడిగి, తన పీట మిషన్ల గదిలోకి మార్పించుకుంది. ఆ మోతలో ఎవరేం చదివినా వినపడదు. పిన్ని మరి ఎప్పుడూ పైకి చదవలేదు. తన వంతు తనే కుట్టుకునేది.

ఏమిటమ్మా చిన్నదానా? ఇస్త్రీ ఆయనా? మళ్ళీ వచ్చాడా అనా? వచ్చి గుడ్డ వెచ్చబెట్టాడా అనా... చూడు, కళ్ళు ఎంత చేసుకుని అడుగుతోందో. వచ్చాడని చెప్పడం ఎంతసేపు నాకు...

రాలేదు తల్లీ. రాలేదు.

లేవండి, లేవండి. అమ్మలు పిలుస్తున్నారు, వినపడట్లా? చాప అక్కడే ఉండనీరా, నేను తీస్తాను. చెప్పులు మార్చుకోకండి. వెళ్ళి వేడిగా ఉండగానే నాలుగు ముద్దలు తినండి.