గోడ మీది వకీలు తాతగారు

కాస్త కదలకుండా ఉండండి తాతగారూ, మీ ఫోటో తాడు మేకుకి చిక్కుకుంది. దింపే పని మాత్రం నా నెత్తిన పడింది. ఎక్కించేటప్పుడైతే ఇంట్లో మగాళ్ళంతా తలా ఒక చెయ్యి వేశారు.

తాతగారూ అనొచ్చో లేదో ఇక. మా ఆయన తాతగారనే కదా ఇన్నేళ్ళూ మీ అద్దం తుడిచాను? తీరా చూస్తే మీరు పక్కవీధి వాళ్ళ తాతగారట. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి మీ మనవరాలు, నా ఈడు మనిషే, ముందుగదిలో కూర్చుంది.

అంతా మా మనవరాలి మూలాన. వంశవృక్షం గీస్తానని బయల్దేరి, మా ఇంటిపేరు కనబడితే చాలు చుట్టాలేననుకుని ఆవిణ్ణి ఇంటికి పిలుచుకొచ్చింది. ఆవిడ మంచినీళ్ళు తాగుతూ తలెత్తి, 'మా తాతయ్య మీ గోడ మీదున్నారేం?' అంది. నీళ్ళు తాగింది ఆవిడ, పొలమారింది మా మరిదికి.

పిల్ల ఊరుకుంటుందా? ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ తిరిగి తిరిగి అడిగింది. ఇంటిపేరొకటే, చుట్టరికం ఆవగింజంత కూడా లేదు. మీరు వకీలు. వీళ్ళ తాతేమో గొడుగులు బాగుచేసేవారు.

సంగతేమిటంటే, తాతని ఎన్నడూ కళ్ళతో చూడని మా మరిది, అప్పట్లో ఆయన ఫోటో కోసం ఫోటో స్టూడియోకెళ్ళి ఇంటిపేరు చెబితే రెండు పాత ఫోటోలు చూపించారట. ఒకాయనకి నల్లకోటు, ఇంకొకాయన చంకలో గొడుగు. కోటాయనే మనవాడని అక్కడికక్కడే తేల్చేశాడు.

ఇక చూడాలి వీళ్ళ ధోరణి. నాతో వాదన పెట్టుకున్నప్పుడల్లా మా ఆయన 'వకీలు రక్తం' అనేవారు. గెలిచిందెప్పుడూ లేదు లెండి. మా అబ్బాయిది మీ ముక్కేనన్నారు. వాడి ముక్కు మీరూ చూశారుగా, పాపం.

నా విడ్డూరం నాది. ఈ వయసులో అక్షరాలు దిద్దుకుని, కూడబలుక్కుని చదివిన మొదటి మాట మీ ఫోటో కింది ఇంటిపేరే. అంత చిన్న మాటలో ఇంతమంది ఎలా పట్టారో?

వంటింట్లో అన్నదమ్ములిద్దరూ గుసగుసలాడుతున్నారు, వినబడుతోందా? ఫోటో అద్దం పగిలి పాడైపోయిందని చెప్పెయ్యమన్నారు నన్ను. 'ఇంకా వెనక్కి వెళితే అందరం ఒకటే కదా వదినా' అన్నాడు మరిది. అలా వెళితే పాలవాడూ నీ తమ్ముడేనన్నాను.

అలా చూడకండి, ఇచ్చేస్తాను. మీ ఒళ్ళో కూర్చున్న గుర్తుంది ఆవిడకి. వీళ్ళకేముంది, మీ కోటు తప్ప?

ఆవిడ లేచొచ్చేలోగా ఒక్క మాట. మా ఆయన మీద, మరిది మీద, పోయిన మా అత్తగారి మీద ఏ కోపమొచ్చినా మీ ముందు నిలబడే కక్కేశాను. ఇంటిపెద్ద దగ్గర ఇంటివాళ్ళ మీదే చాడీలు చెబుతున్నానని లోపల బెరుగ్గానే ఉండేది. మీరు పరాయివారని తెలిశాక, నిజం చెప్పనా, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

రేపట్నుంచి ఈ గోడ మీద ఆ గొడుగాయన, వీళ్ళ సొంత తాతగారుంటారు. ఆయనతో ఏం చెప్పుకుంటాను? ఆయన వాళ్ళవైపు మనిషి.