మూడో గీత

"తాతా, ఫోనులో రికార్డింగ్ పెట్టినా. మీరు చేసిన రీసెర్చిలో అన్నిటికంటే పెద్ద పని ఏందో అడిగి రాసుకురమ్మన్నారు. ఆదివారం మీ సన్మానానికి పుస్తకం వేస్తాండారు కదా, దాంట్లోకంట."

పెద్ద పనా? ఏం పెద్ద పనిలే శైలజా. ఆ ఫ్యాను రొంత తగ్గించు, చెవిలో గాలి పడితే తలనొప్పి నాకు. ఆఁ, చాలు. నువ్వు మా చెల్లెలి మనవరాలివి కాబట్టి కూచున్నా గానీ, ఇంకెవరన్నా వచ్చింటే ఒంట్లో బాగలేదని పంపించేసేవాణ్ణి. అబద్ధం గూడా కాదులే. అలిసిపోయినానమ్మా. మాట్లాడాలన్నా ఆయాసమే.

యాణ్ణించి చెప్పేది? మా నాయన జమ్మలమడుగులో ఐవారు, అంటే బడిపంతులు. నీకు తెలుసు కదా, మీ అవ్వ చెప్పే ఉంటాది. నేను డిగ్రీకి ప్రొద్దుటూరుకు దినామూ బస్సులో వచ్చేవాణ్ణి. టిక్కెట్టు అర్ధరూపాయి... కాదు కాదు, ముప్పావలా. అర్ధరూపాయి దోసెకు. ఆ ముప్పావలాకే మా అమ్మ గొణుగుతా ఉండేది. ప్రాక్టికల్సులో లెక్చరరు మంట మీద ఉప్పు వేస్తే పసుపుపచ్చగా మండింది, మైలుతుత్తం వేస్తే ఆకుపచ్చగా మండింది. దేంట్లో ఏముందో అది మండేటప్పుడు రంగే చెప్తాది అన్నాడు ఆయన. అంతే, నేను దాని ఎంట పడినా. తిరపతిలో పీహెచ్‌డీ, ఆ తర్వాత హైదరాబాదులో గవర్మెంటు ల్యాబు, ముప్పై ఏండ్లు. ఎక్స్-రేలు పంపిస్తే వస్తువు తిరిగి వెలుగు ఇస్తాది, ఆ వెలుగును బట్టి దాంట్లో ఏ లోహం ఎంతుందో లెక్కగట్టేది. అదీ నా పని. మన పక్క నాపరాయి చూసినా, పులివెందుల చీనీ తోటల మన్ను చూసినా, బోరు నీళ్లు చూసినా. పేపర్లు ఎన్ని రాసినానో నాకే గుర్తు ల్యా. ఆ బీరువాలో ఉండాయి, చెదలు పట్టకుంటే.

అవన్నీ వద్దులే. ఇంగోటి చెప్తా. ఇది రాస్తారో రాయరో వాండ్ల ఇష్టం.

నా ల్యాబులో ఒక కట్టడి ఉండేది. ఏ ముక్క వచ్చినా ముందు రుద్దల్ల, లేదంటే కోయల్ల, ఆ తర్వాతనే మిషను కింద పెట్టల్ల. ఎందుకంటే మా మిషను పైపొరనే చూస్తాది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లోపలికి పోదు. పైన ఒకటి, లోపల ఇంగోటి ఉంటే అది కనుక్కోలేదు. ఒక పిల్లోడు రుద్దకుండా మూణ్నెల్లు రీడింగులు తీస్తే అన్నీ చించి చెత్తబుట్టలో వేసినా. ఏడ్చినాడు పాపం. అట్లాంటి మనిషిని నేను.

రిటైరయినాక మీ జేజికి, అదే మా ఇంటామెకు, ఇక్కడైతే బాగుంటాదని ప్రొద్దుటూరు వచ్చేసినాం. అప్పుడే బంగారం అంగళ్ల వీధిలో ఒక షావుకారు ఎక్స్-రే మిషను తెప్పించినాడు. వీధికంతా అదే మొదటిది. సార్, మన జిల్లా మనిషి మీరు, వచ్చి నాలుగు దినాలు కూచోండి అన్నాడు. పోయినా. ఏమీ తోచక పోయినా అనుకుంటివా? కాదు, మర్యాద కోసం పోయినా. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, సైంటిస్టు సారు వచ్చినాడని పిలుస్తాంటే బాగనే ఉండె.

ఆ వీధిలోనే వీరాచారి అని ఉండేవాడు. గీటురాయి మనిషి. నల్లరాయి మీద బంగారం గీసి, ఆమ్లం చుక్క పెట్టి, కండ్లతో చూసి వన్నె చెప్పేవాడు. నలభై ఏండ్లు ఆ వీధి అంతా ఆయన మాట మీదనే నడిచింది. నన్ను సామీ అని పిలిచేవాడు. బక్కపల్చటి మనిషి, ఊరికినే నవ్వేవాడు కాదు.

ఒకనాడు పులివెందుల నుంచి పెండ్లివాండ్లు వచ్చినారు. అంగట్లో కాకుండా ఎవరి దగ్గరో చేతిమీదుగా కొన్న తాళిబొట్టు చెయిను అది. పెండ్లి మూడు దినాలుంది. వీరాచారి దగ్గరికి పోయినారు. ఆయన కొక్కెం కాడ ఒకే చోట మూడుసార్లు గీసినాడంట. మొదటి గీత బాగుంది, రెండోది బాగుంది, మూడో గీత పాలిపోయింది. పైన మంచి బంగారం, లోపల ల్యా, రొంత ఆకురాయి పెట్టి రుద్ది చూడనీండి అన్నాడు. పెండ్లికూతురి అమ్మ చెయిను లాక్కునింది. తాళి చెయినుకు పెండ్లి కాకముందే గాటు పెడతారా అని. అపశకునం కదా మనకు. మన ఇండ్లల్లో ఎవరు పెట్టనిస్తారు చెప్పు.

నా దగ్గరికి తీసుకొచ్చినారు. కొయ్యొద్దు, గియ్యొద్దు సారూ, మిషనులో పెట్టి చెప్పండి చాలు అనింది ఆయమ్మ. వీధిలో సగం మంది వచ్చి నిలబడుకున్నారు. వీరాచారి గూడా వచ్చినాడు.

నాకు తెలుసమ్మా. రుద్దకుండా చూస్తే చెల్లదని తెలుసు. ముప్పై ఏండ్లు నేనే చెప్పిన మాట. అయినా పెట్టినా. నూటికి తొంభై ఒకటీ చిల్లర చూపించింది, మంచి బంగారం అని. చీటీ మీద సంతకం చేసి ఇచ్చినా. ఎందుకు చేసినావంటే ఏం చెప్పేది? అంతమంది ముందర ఆయమ్మ బతిమాలతాంటే కాదనలేకపోయినా. ఇంగోటుంది, అదీ చెప్తా. కోయకుండానే చెప్పేస్తాది సారు మిషను అని వాండ్లు నోరు తెరుచుకోని చూస్తాంటే నాకు గొప్పగా ఉండె. సిగ్గు లేకుండా చెప్తాండా.

వీరాచారి ఒకటే మాట అన్నాడు, "మూడో గీత చూడు సామీ" అని. నేను చూడలేదు. షావుకారు నవ్వినాడు. ఆచారికి కండ్లు పోయినాయిలే అని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకునింది వీధి. ఏడాది తిరక్కముందే ఆయన దగ్గరికి పొయ్యేటోళ్లు ల్యాకపోయిరి. మిషన్లు ఇంకో నాలుగు వచ్చినాయి.

రెండేండ్లకు ఆ చెయిను తెగింది. పులివెందుల వాండ్లు అతికించడానికి ఇస్తే లోపల తెల్లగా కనపడిందంట. కరిగిస్తే సగానికి సగం వెండీ రాగీ. ఆ పెద్దాయన, పెండ్లికూతురి నాయన, నా ఇంటికొచ్చి ఆ చీటీ బల్ల మీద పెట్టినాడు. నీళ్లు తాగి పోయినాడు. తిట్టింటే బాగుండు.

మర్నాడే వీరాచారి ఇంటికి పోయినా. అరుగు మీద కూచోనుండె. ఆచారీ, నువ్వు చెప్పిందే నిజం, నేను తప్పు చెప్పినా అన్నా. ఆయన "నాకు చెప్తే ఏం లాభం సామీ, నాకు ముందే తెలుసు. వీధిలో చెప్పు" అన్నాడు.

చెప్తా అన్నా. చెప్తా ఆచారీ అని చెయ్యి పట్టుకోని మరీ చెప్పినా.

చెప్పలేదమ్మా. ఉగాది పోనీలే అనుకున్నా. మీ జేజికి ఆపరేషన్ అయింది, ఆ నెలలు పోయినాయి. ఒకసారి ఆ వీధి మలుపు దాకా పోయి షావుకారు నమస్కారం పెడితే తిరిగి పెట్టి వచ్చేసినా. ఇంతలో వీరాచారి కాలం చేసినాడు. పలకరించడానికి పోతే వాళ్ల కొడుకు కుర్చీ వేసినాడు. వెండి పట్టీలకు మెరుగు పెట్టి బతుకుతాండాడు ఆ పిల్లోడు. "మా నాయన మీరు వీధిలోకి వస్తారేమోనని శానా దినాలు చూసినాడు సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ కుర్చీలో యాడ కూచునేది నేను? ఆ పొద్దు నుంచి ఆ వీధిలోకి పోలేదు. మందులకు కూడా చుట్టూ తిరిగి పోతా.

ఇప్పుడు ఆ వీధి షావుకార్లే సన్మానం అంటాండారు. వద్దంటే వినరు. శాలువా తెచ్చినారంట, కొలత కూడా అడిగినారు, శాలువాకు కొలతేందో నాకు తెల్ల్యా.

ఆపతాండావా? ఆపొద్దు, ఉండు. రాసుకునేది కాదు ఇది. పుస్తకంలో అచ్చేస్తే ఎవరు చదువుతారు. ఆదివారం వీధి వీధంతా వస్తాది కదా, నన్ను మాట్లాడమంటారు. నిలబడితే నేను మళ్లీ అడ్డదిడ్డంగా ఏదో చెప్పి కూచుంటా, నా సంగతి నాకు తెలుసు. అందుకని నువ్వు ఈ రికార్డింగే పెట్టు. మైకు కాడ ఫోను పట్టుకో. శాలువా కప్పకముందే పెట్టల్ల, కప్పినాక కాదు. వీరాచారి కొడుకును పిల్చుకొచ్చి ముందు వరసలో కూచోబెట్టు. రాకపోతే నేను పోయి పిలుస్తా. నడుస్తా, నడవలేనా ఏంది.

ఆ చెయిను సంగతి వీరాచారి చెప్పిందే నిజం. నేను చూడాల్సింది చూడకుండా సంతకం చేసినా. ఇది బాగా పడిందా? రొంత వెనక్కి పెట్టి వినిపించు... ఊఁ. గొంతు ముసలోడి మాదిరే ఉండాది. ఉండనీలే, అర్థమైతాది.

నువ్వూ ఈ చదువే చదవతాండావు. సల్లగుండు తల్లీ. ఎంత మంది చూస్తాన్నా సరే, ముందు రుద్దినాకనే... అదే... సరే పో, మీ అమ్మ ఎదురు చూస్తాంటాది. పోతా పోతా ఆ ఫ్యాను రొంత పెంచిపో.