డేగ బయట, ఐస్‌క్రీం లోపల

సభాధ్యక్షులు మా డైరెక్టరుగారికి, ఈ ఉద్యోగంలో నాకంటే ముందు తలలు పండించుకున్న పెద్దలకు, మిత్రులకు, రెండో వరుసలో కూర్చుని గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

ఈ సాయంత్రంతో రిటైరవుతున్నాను కదా, గడియారం నేనూ చూస్తున్నాను. కుదురుగా నిలబడలేకపోతున్నాను, క్షమించాలి. ప్రభుత్వ లాయరుగా పక్షులకు విషం పెట్టేవాళ్లను కోర్టుకీడ్చానని డైరెక్టరుగారు ఇందాక తెగ పొగిడారు గానీ, “మనుషుల కేసులే తెమలడం లేదు, ఈ పిట్టల గోలేంటమ్మా?” అని నన్ను ఎన్నిసార్లు విసుక్కున్నారో ఆయన్నే అడగండి. (నవ్వులు) రేపు కోళ్లఫారం ఆసామి కేసుంది. మాంసం ముక్కలకు పురుగుమందు పూసి కంచె మీద పెట్టాడు, డేగ తిని చచ్చింది. “నా కంచె, నా మాంసం, తినమని నేను పిలిచానా?” అన్నాడు జడ్జిగారి ముందే! పరీక్ష తప్పని వాళ్ల లాయరు పట్టుబడితే, ఆ డేగను రేపు తెమ్మన్నారు, మళ్లీ పరీక్షకు పంపడానికి. అది కింద మన ఫ్రీజర్లో...

ఆగండి. అటెండరు బాబాయ్, ఈ సభకని తెచ్చిన ఐస్‌క్రీం ఎక్కడ పెట్టారు?

“ఫ్రీజర్లోనే మేడం. చోటు చాలక డేగ డబ్బా తీసి బల్ల మీద పెట్టాం.”

ఎప్పుడు?

“పొద్దున్నే మేడం.” (నవ్వులు)

నవ్వకండి. మంచు కరిగి డేగ కుళ్లితే, విషం ఆనవాళ్లు చెడిపోతాయి.

బాబాయిని ఎవరూ ఏమీ అనొద్దు, నా మీద అభిమానంతో చేశాడు. నా చోట్లోకి వస్తున్న లాయరమ్మా, రేపటి నుంచి ఈ కేసు నీది, ముందు నువ్వెళ్లి డబ్బా సీలు చూడు. డైరెక్టరుగారు, “మళ్లీ లోపల పెట్టేస్తే సరి, ఎవరికి తెలుస్తుంది?” అంటున్నారు. మైకులో వినబడిందండీ. (నవ్వులు)

నాకు తెలుస్తుంది. ఆ డేగ గిలగిలా కొట్టుకుంటూ గుప్పిట బిగించి గడ్డి పట్టుకుంది, ఆ పరకలు ఇంకా దాని గోళ్లలోనే ఉన్నాయి. ఆ ఆసామికి శిక్ష పడాలని నాకున్నంత కసి ఈ హాల్లో ఎవరికీ లేదు. ఇప్పుడు తప్పించుకుంటాడేమోనని భయంగా కూడా ఉంది. అయినా రేపు సాక్షిగా నేనే వస్తాను. నా వీడ్కోలు సభ కోసం డబ్బా పొద్దుటి నుంచి బయట ఉందని ప్రమాణం చేసి చెబుతాను. లాయరమ్మా, పెద్దదాన్నని మొహమాటపడకు, దొంగ సాక్షిని అడిగినట్టే అడుగు.

ఇంత ప్రేమగా వచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. కాస్త దారివ్వండి, కిందికి వెళ్లాలి. సెలవు.