మార్కెట్టు సర్వర్‌ను వణికించిన తిరుపాల్

పెనుకొండ టీ అంగడి ముందు ఆగిన ఆటో నిండా వరలక్ష్మి పట్టుగూళ్ల మూటలే. ఇటు పోతే హిందూపురం మార్కెట్టు, అటు పోతే ధర్మవరం మార్కెట్టు. ఎక్కడ రేటు బాగుంటే అక్కడికి పోవాలి. ఇంకా ఆలస్యమై పురుగు గూడు తొలుచుకుని బయటపడిందంటే దారం తెగిపోయి పంటంతా మట్టిపాలే.

రెండు మార్కెట్ల రేట్లూ ఫోన్లకు పంపిస్తానని ఊరందరికీ మాటిచ్చిన తిరుపాల్ మాత్రం ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టుకుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. వరలక్ష్మి ఫోన్లో రెండు ఊళ్ల పక్కనా 'రేటు లేదు' అనే ఉంది.

"రేటేదప్పా?" అంది.

"వస్తాదక్కా, ఉండు. సర్వర్‌ను రేటు అడిగేదంటే ఏమనుకున్నావు? మామూలోళ్లయితే ఒక్కో రిక్వెస్టుకు బారెడు కోడు రాసుకోవాల. నేను క్లయింట్ లైబ్రరీ పెట్టినా. ఒక్క లైను రాస్తే సాలు, మన తరఫున అదే పోయి, అడిగి, జవాబు పట్టుకొస్తాది."

"మంచిదే కదా," అన్నాడు ఆటో యోహాను.

"మంచిదే గానీ మరీ మెత్తన. సర్వర్ పలక్కపోతే ఊరికే తిరిగొచ్చేది. 'జవాబు లేకుండా గడప దిగొద్దు' అని నేనే దానికి బుద్ధి నేర్పితి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? రెప్పపాటులో వెయ్యిసార్లు అడిగె! మార్కెట్టు సర్వర్ గడగడా వణికిపాయె."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు యోహాను.

"దాని ఫ్యాన్ మోత ఈడికే వినపడె కదప్పా! ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో రోబోలు పని ఇడిసిపెట్టి, 'ఎవురప్పా ఈ తిరుపాల్' అని ఇటు తిరిగి చూసినాయంట. బెంగళూరులో కరెంటు మినుకుమినుకుమనె. ఆకాశంలో పోతాండే ఉపగ్రహం లేపాక్షిలో దిగి, 'సామీ, ఆయప్పకు నువ్వన్నా చెప్పు' అని బసవన్న కాళ్ల మీద పడె."

"బసవన్న ఏమనె?"

"'తిరుపాల్ జోలికి నేను పోను తల్లీ' అనె."

యోహాను పడీపడీ నవ్వాడు. వరలక్ష్మికి నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. కోతలు మూటగడితే ఏ మార్కెట్టులోనూ కొనరు.

తిరుపాల్‌తో కలిసి పనిచేసే సాహితి పక్క బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చూసింది.

"అన్నా, రిక్వెస్టులన్నీ యాడికి పంపుతాండావు?"

"మార్కెట్టు సర్వర్‌కు!"

"మొన్న ట్రయల్ కోసం ఈ ల్యాప్‌టాప్ అడ్రసే పెట్టుకుంటివి కదా, అదింకా మార్చనే లేదు. నువ్వు అడిగిందంతా దీన్నే. 'రేటు లేదు' అన్నిందీ ఇదే. ఆ ఫ్యాన్ మోతా దీనిదే."

తిరుపాల్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. సాహితి అడ్రసు మార్చి మళ్లీ పంపింది. కాసేపటికి వరలక్ష్మి ఫోన్ మోగింది. రెండు మార్కెట్ల రేట్లూ వచ్చాయి. ధర్మవరం కంటే హిందూపురమే మేలు.

"అమ్మయ్య, బతికిపోతి!" అంటూ ఆమె మూటల పక్కన కూలబడింది. పొద్దున్నుంచి బిగబట్టిన ఊపిరి అప్పటికి వదిలింది. ఇప్పుడొచ్చింది నవ్వు.

"చూసినావాక్కా, సర్వర్ ఎట్ల లొంగిందో!" అన్నాడు తిరుపాల్ తేరుకుని.

"లొంగిందిలే నాయనా. అడిగిందీ నువ్వే, లేదన్నిందీ నువ్వే, వణికిందీ నువ్వే. ఇంక మేమెందుకప్పా ఈడ? పోనీ యోహానూ, హిందూపురానికి!"