లాబీలో ఉచితం

టెక్కలి మెయిన్ రోడ్డులో ఎరువుల దుకాణం, 2010 వేసవి. మాట్లాడుకుంటున్నది దుకాణం యజమాని జగదీశ్వరరావు, చనిపోయిన అతని భార్య భాగ్యశ్రీకి తమ్ముడైన సూర్యం.

“...అంటే ఆ హోటల్ గదిలో నెట్ రాదా బావా?”

“వత్తాది. డబ్బు కడితే వత్తాది. కింద లాబీలో, సోఫాల కాడైతే ఫ్రీ.”

“వైరు అక్కర్లేదు కదా?”

“వైరు లేకుండానే. కౌంటర్ కాడ అమ్మాయి చీటీ మీద పాస్‌వర్డ్ రాసిత్తాది. ఒక చీటీ ఒక మిషనుకే. లాప్‌టాప్‌కి కొడితే ఫోనుకి పని సెయ్యదు.”

“నా కాడ రెండూ ఉన్నాయి. మా ఆవిడ ధరణి తన లాప్‌టాప్ ఇత్తానంది.”

“అయితే రెండు చీటీలు కొనుక్కో.”

“వారానికి రెండెందుకు బావా? ఫ్రీగా ఉన్నది వదిలీసి...”

“ఫ్రీ మాటెత్తకు.”

“కంపెనీవోడు టూరంతా ఫ్రీగా తిప్పుతుంటే, నెట్‌కి మాత్రం నా జేబులోంచి...”

“ఎత్తకన్నానా? నీ కొట్లో యూరియా బస్తాలు ఎక్కువ అమ్మినావని మలేషియా తీసుకెళ్తన్నారు. నీ తెలివి సూసి కాదు. సెప్పింది ఇను.”

“ఇంటన్నాను. కోప్పడకు. నువ్వు మలేషియా ఎల్లినప్పుడూ ఇలగే అందరి మీదా కసురుకున్నావేటి?”

“నానెందుకు కసురుకుంటాను? దూరం ఎల్లడం అదే మొదలు. అంతకుముందు పూరీ బయల్దేరితే పలాస టేసన్‌లోనే మీ అక్కకి జొరం. పెట్టెలు మోసుకొని తిరిగొచ్చీసినాము.”

“ఆ జొరం గురించి ఆరేళ్లు దెప్పినావు అక్కని.”

“దెప్పినాను. మొగుణ్ణి, దెప్పనా?”

“సరేలే. చీటీ సంగతి సెప్పు.”

“అక్కణ్నుంచి కంప్యూటర్లో మాటాడితే మీ అక్క మొకం నాకు సరిగ్గా కనబడలేదురా.”

“బావా... ఇప్పుడదెందుకు?”

“ఎందుకంటే నువ్వూ అదే హోటల్లో దిగుతున్నావు. అదే సోఫాలో కూకుంటావు. మొదటి రెండ్రోజులూ బొమ్మ బాగానే వచ్చింది. ఇక్కడ నెట్ సెంటర్లో మీ అక్క ఎనకాల నిలబడి నువ్వు పళ్లికిలిత్తే అదీ కనబడింది. మూడోరోజు, మొకం ఉబ్బినట్టుందేటి భాగ్యం, అన్నాను.”

“గుర్తుంది.”

“ఏటంది?”

“వదిలీ బావా.”

“ఏటందిరా?”

“నీ నెట్టే అలగుంది, బొమ్మ సాగిపోతంది, అంది.”

“నమ్మీసినాను. ఉద్దానంలో పుట్టినోణ్ణి. మా ఊళ్లో మొకం ఉబ్బి, కాళ్లు ఉబ్బి పోయినోళ్లు వీధికి ఇద్దరు. ఎవడి మొకం సూసినా కిడ్నీ అని దూరం నుంచి సెప్పీగలను. నా పెళ్లం మొకం సూసి నెట్ అనుకున్నాను.”

“నువ్వక్కడ, అక్క ఇక్కడ. నీకెలగ తెలుత్తాది?”

“నాలుగోరోజు నుంచీ మరీ మసక. పొగలో కూకున్నట్టు. కౌంటర్ కాడికెళ్లి అరిసినాను. ఆ అమ్మాయి చీటీల కట్ట సూపించి, గదిలోది తీసుకుంటే బాగుంటాదని సైగ సేసింది. తీసుకోలేదు. మిగిలింది నాల్రోజులే, ఎందుకన్నాను. ఇందాక నువ్వన్నావే, అదే మాట.”

“టీ తెప్పించనా బావా?”

“కూకో. నాను తిరిగొచ్చి విశాఖ తీసుకెళ్తే డాక్టరేటన్నాడు? నాల్రోజుల ముందు తెచ్చుంటే, అన్నాడు. సరిగ్గా నాల్రోజులు. ఆ చీటీ కొనుంటే మొకం తేటగా కనబడేది. మర్నాడే విమానం ఎక్కేసేవోణ్ణి.”

“నీ తప్పేటీ లేదు.”

“నా తప్పే. నీ తప్పూ ఉంది. రోజూ బండి మీద నువ్వే తీసుకొచ్చినావు. పక్కనే నిలబడ్డావు. నీకు కళ్లు లేవా?”

“ఉన్నాయి.”

“మరి?”

“అడక్కు బావా.”

“అందుకే రెండేళ్లు నిన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. ఇయ్యాల నెట్ గురించన్నావని రానిచ్చినాను.”

“నెట్ గురించి రాలేదు బావా. అదంతా ఆ కంపెనీవోడే సెప్తాడు.”

“మరెందుకొచ్చినావు?”

“విమానం ఎక్కేలోగా ఒక మాట సెప్పీయాలని. మొయ్యలేకపోతన్నాను. నా పిల్లల మీద ఒట్టేయించుకుంది అక్క.”

“ఏటని?”

“నువ్వు పది చీటీలు కొన్నా నీకు మసకే కనబడేది. నీ నెట్‌కేటీ కాలేదు.”

“ఏటి కూత్తన్నావురా?”

“నాలుగోరోజు పొద్దున్నే డాక్టర్ కాడికెళ్లినాము. కిడ్నీ అన్నాడు. సాయంత్రం కంప్యూటర్ ముందు కూకోగానే, జడలోంచి కొబ్బరినూనె వేలికి తీసి కెమెరా అద్దం మీద రాసీసింది. నువ్వొచ్చీదాకా రోజూ అలగే రాసింది. నాను నీకు ఫోన్ సేత్తానంటే సెయ్యి పట్టీసుకుంది.”

“ఎందుకు? ఎందుకురా?”

“‘ఈ పయానం కూడా నా ఒంటి మూలాన పాడైతే, మీ బావ నన్ను సచ్చీదాకా దెప్పుతాడురా’ అంది.”