నాలుగు ఎనిమిదులు

2009 డిసెంబరు, బంద్ రోజు. భద్రాచలంలో రిటైర్డ్ అటెండర్ హాతీరాం ఇల్లు. కంప్యూటర్ ముందు ఆయన కూతురు పుష్ప. బల్లమీద స్పీకర్ పెట్టిన సెల్లులో, హైదరాబాద్ నుంచి ఆమె అన్న బలరాం. టైము నాలుగూ నలభై.

"కొట్టిన అంటున్న గదనే! ఎన్నిసార్లు అడుగుతవ్?"

"అన్న చెప్పిన నంబరే కొట్టినవా నాయినా?"

"నంబరే కొట్టిన."

"అన్న చెప్పిందే?"

"అరే! నంబరు కొట్టమన్నడు, కొట్టిన. ఓకే నొక్కమన్నడు, నొక్కిన. ముప్పై ఏండ్లు సర్వీసు చేసిన మనిషిని. నాలుగంకెలు కొట్టరాదా నాకు?"

"మరి ఎందుకు తెరుచుకోదు? పొద్దుగాల్నించి ఆ మోడెం ఇరవైసార్లు ఆపి పెట్టిన. లైట్లన్నీ వెలుగుతున్నయ్. పేజీ ఒక్కటి రాదు. ఐదింటికి బంద్ చేస్తరు నాయినా బ్యాంకు ఉద్యోగం అప్లికేషన్లు. ఇయ్యాలనే ఆఖరు!"

"లైన్ల తప్పుంటది. ఎక్స్చేంజికి ఫోన్ చెయ్యి."

"చేసిన. లైను మంచిగనే ఉందన్నరు."

"అయితే నెట్ సెంటర్‌కు పో."

"ఏ నెట్ సెంటర్‌కు? ఊరంతా షట్టర్లు దించి ఉంటే! బస్సుల్లేక చర్ల నుంచి పాల వ్యాన్ల కూసోని వచ్చిన నేను. అన్నా, వింటున్నవా? నువ్వే అక్కడ్నుంచి నింపరాదే!"

"ఆఫీసుకు తాళమేసిండ్రు చెల్లే, నా రూముల కంప్యూటర్ యాడిది? లొల్లి తర్వాత పెట్టుకోండ్రి. ముందు కంట్రోల్ ప్యానెల్ తెరువు. నెట్‌వర్క్ కనెక్షన్స్."

"తెరిచిన."

"లోకల్ ఏరియా కనెక్షన్ మీద రైట్ క్లిక్ కొట్టు. ప్రాపర్టీస్. కింద ఇంటర్నెట్ ప్రోటోకాల్ అని ఉంటది, దాని మీద రెండుసార్లు నొక్కు."

"నేను పెరట్ల మొక్కలకు నీళ్లు పోసొస్త."

"కూసో నాయినా! యాడికీ పోవద్దు."

"కింద డీఎన్‌ఎస్ అని రెండు గళ్లుంటయ్ చెల్లే. నాలుగు రోజుల కింద, కంపెనీ ఇచ్చిన నంబరు మొరాయిస్తుంటే, పై గడిలో ఈ కొత్త నంబరు కొట్టమని నాయినకు చెప్పిన. ఏముందో చదువు."

"తొమ్మిది."

"ఎనిమిది గదనే."

"తొమ్మిది అన్నా. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. నాలుగూ తొమ్మిదులే."

"నాలుగూనా?"

"నాయినా!"

"ఏంది?"

"అన్న చెప్పింది ఎనిమిది!"

"అవ్."

"నువ్వు కొట్టింది తొమ్మిది!"

"ఒక్కటే గదనే తేడా."

"ఒక్కటే తేడానా? తెలిసే కొట్టినవా? తప్పిపోయి కాదు, తెలిసే?"

"తెలిసే కొట్టిన! అయితే ఏంది? నాలుగు ఎనిమిదులు ఏ ఇంట్లనన్న పెట్టుకుంటరానే? ఎనిమిదంటే శని. ఒక్కటుంటేనే ఇల్లు నిలువదు. నాలుగు! అదీ నువ్వు ఉద్యోగానికి పెట్టుకునే దాంట్ల! తొమ్మిది మంచి అంకె. సిద్ధాంతి చెప్పిండు."

"నీ సిద్ధాంతి నోట్ల మన్ను పడ! దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు, గట్లున్నది నీ పని!"

"నోరు! నోరు జర మంచిగ రానియ్యి. సూపరింటెండెంట్ సారంతటోడు ఆయన చెప్పకుండ కుర్చీ జరిపెటోడు కాదు."

"నాయినా, నేను బలరాంను మాట్లాడుతున్న. విను. నువ్వు ఆఫీసుల స్టూలు మీద కూసునెటోడివి గదా. వచ్చినోడు ఫలానా సారు యాడుంటడు అంటే ఏం చెప్పెటోడివి?"

"మూడో గది అని చెప్పెటోణ్ణి. అయితే?"

"గదే పని చేస్తదీ డీఎన్‌ఎస్. మనం సైటు పేరు కొడితే, అది యాడున్నదో దారి చెప్తది. ఎనిమిదుల కాడ అటెండరున్నడు. నువ్వు పంపిన తొమ్మిదుల కాడ స్టూలు ఖాళీ. ఎంతసేపు నిలబడ్డా చెప్పేటోడే లేడు."

"నాకేం తెలుసురా? మంచి అంకె అయితే ఇంకా మంచిగ పని చేస్తదనుకున్న."

"అనుకుంటవ్! నాలుగు రోజుల సంది ఫోన్ల అడిగిన గదా నిన్ను. నాయినా, నెట్ బాగైందా? అయింది బిడ్డా. పేజీలు వస్తున్నయా? వస్తున్నయ్ బిడ్డా. ఒక్కసారన్న తెరిచి చూసినవా?"

"చూసిన."

"చూసినవా?"

"రాలే. కొత్త నంబరు గదా, కుదురుకునేటందుకు రెండు రోజులు పడ్తదేమో అనుకున్న."

"పెరుగా అది తోడుకోవడానికి! నువ్వు బాగైందంటివి. నేను చర్ల హాస్టల్ల పిల్లలతోని పరీక్షలు రాయించుకుంట నిమ్మళంగ కూసుంటిని. ఇయ్యాల ఒక్క రోజు సెలవిచ్చిండ్రు నాకు, ఒక్క రోజు!"

"చెల్లే, టైము చూడు. తొమ్మిదులు తీసి ఎనిమిదులు కొట్టు."

"కొడుతున్న. నాయినా, చెయ్యి తియ్యి."

"వద్దు."

"కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి నాయినా!"

"వద్దు బిడ్డా. ఇంకేదన్న నంబరు చెప్పమను వాణ్ణి. ఎనిమిది మాత్రం నా ఇంట్ల వద్దు. మీ పెద్దన్న పోయింది పద్దెనిమిదో తారీఖు. నన్ను సస్పెండ్ చేసిన కాయితం మీద ఎనిమిదే. బోరు ఎండింది..."

"పెద్దన్న పోయింది మలేరియాతోని! దవాఖానాకు తీస్కపోను బండి లేక పోయిండు. అంకె చంపిందా పిల్లగాణ్ణి?"

"నాకు చెప్తవా ఆ సంగతి? నా భుజం మీద పోయిండు. వాగు దాటేదాక నాయినా నాయినా అన్నడు. దాటినంక అనలే. నీకేం తెలుసు? అప్పటికి నువ్వు చిన్నపిల్లవు. ఉన్నోళ్లన్న మంచిగుండాలనే గదనే నా తండ్లాట! నీ మీద పగనా నాకు?"

"పగుంటేనే నయముండె. తలుపేసుకుందును. చెయ్యి తియ్యి నాయినా, నీ కాళ్లు మొక్కుత. ఈ ఒక్కటి ఉన్నది నాకు. ఏడేండ్ల సంది కాంట్రాక్టు. తుమ్మితే ఊడే ముక్కు. ఏప్రిల్ల తీసేస్తరు, జూన్ల పెట్టుకుంటరు. ప్రతి జూన్ల వానికీ వీనికీ దండాలు పెట్టి చేరుడు. బ్యాంకు పోస్టుకు మన ఎస్టీలకు ముప్పై మూడు దాక వయసు. జనవరి తొమ్మిదికి నాకు నిండుతయ్. తీస్తవా, లాగమంటవా?"

"కొట్టుకో. ఏమన్న అయితే నన్ననకు."

"అయ్యేది ఎప్పుడో అయింది. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. కొట్టిన అన్నా."

"ఓకే నొక్కు. మళ్లొకసారి ఓకే. బయటికొచ్చి సైటు పేరు కొట్టు."

"కొట్టిన. తిరుగుతున్నది... వచ్చింది! అన్నా, వచ్చింది!"

"టైమెంత?"

"పది తక్కువ ఐదు. పది నిమిషాలే!"

"మాట్లాడకు, నింపు. ఎన్ని పేజీలు?"

"నాలుగు. పేరు అయింది. తండ్రి పేరు అయింది. కులం సర్టిఫికెట్ నంబరు... నాయినా, ఆ ఎర్ర ఫైలు! ఎర్రది! అది కాదు, దాని కిందిది!"

"ఇగో, ఇగో."

"రెండో పేజీ. డిగ్రీ మార్కులు. ఏ ఏడు... అయింది. అబ్బా, తిరుగుతున్నది. ఎంతసేపు తిరుగుతదన్నా?"

"ఆఖరి గంట గదా, రాష్ట్రమంత దాని మీదనే పడ్డది. ఆగు. వెనక్కి నొక్కకు."

"మూడోది వచ్చింది. ఫొటో ఎక్కించమంటున్నది. ఫొటో యాడున్నది... ఎక్కుతున్నది. సగం ఎక్కింది."

"అదయినంక సంతకం. దాని తర్వాత సబ్మిట్. ఎంతయింది టైము?"

"రెండు తక్కువ. ఎక్కు, ఎక్కవే తల్లీ... ఎక్కింది! సంతకం... అన్నా, సంతకం సైజు ఎక్కువున్నదంటున్నది!"

"తగ్గించు. పెయింట్ల తెరిచి తగ్గించు. జల్దీ!"

"తెరిచిన. తగ్గించిన. ఎక్కుతున్నది... ఎక్కింది. సబ్మిట్ నొక్కిన. నొక్కిన అన్నా! తిరుగుతున్నది..."

"ఆగు. ఆగు... చెల్లే? ఏమొచ్చింది?"

"గడువు ముగిసింది, అని."

"మళ్లొకసారి నొక్కు!"

"మూడుసార్లు నొక్కిన. అదే వస్తున్నది. ఐదూ ఒకటి అయింది అన్నా."

"ఏడ్వకు. ఏడ్వకు చెల్లే."

"ఏడుస్తలేను. కోపమొస్తున్నది నాకు. ఒక్క నిమిషం! ఆ చెయ్యి తియ్యనీకి ఎంతసేపు పట్టింది నాయినా నీకు? ఐదు నిమిషాలు అడ్డం పడ్డవ్. నాలుగు రోజులు అబద్ధమాడినవ్. నాలుగు రోజులు!"

"మళ్లా పడ్తయ్ బిడ్డా పోస్టులు."

"పడ్తయ్! ఎవలికి పడ్తయ్? ఇరవై రెండేండ్ల పిల్లలకు పడ్తయ్. నేను ఈ జనవరి దాటితే ముసల్దాన్నే ఆళ్ల లెక్కల. ఇగ చచ్చేదాక ఆ హాస్టల్ల జూన్ జూన్‌కు దండాలే. పో. నువ్వు పెరట్లకు పో. మొక్కలకు నీళ్లు పొయ్యి. నా ముంగట నిలబడకు."

"వచ్చే ఏడు గూడ నీకు వయసుంటది."

"యాడుంటది? ముప్పై మూడు నిండుతయ్ అంటుంటే!"

"నిండవు."

"ఏంది?"

"నిండవు బిడ్డా. ముప్పై రెండు గూడ నిండలే నీకు."

"నాయినా, సర్టిఫికెట్ నా చేతిలనే ఉన్నది. తొమ్మిది, జనవరి, డెబ్బై ఏడు. ఇగో, చూడు!"

"అది కాయితం."

"నాయినా, ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు? చెల్లే, ఏమంటున్నడు?"

"ఆగన్నా. ఒక్క నిమిషం ఆగు. అమ్మ ఎప్పుడూ అంటుండె, నన్ను నాట్లేసే వానల్ల కన్న అని. యాది లేక అంటున్నదని నవ్వెటోళ్లం మనం... నాయినా. ఇటు చూడు. నా దిక్కు చూసి చెప్పు. నేను పుట్టింది ఎప్పుడు?"

"డెబ్బై ఎనిమిది, ఆగస్టు ఎనిమిది. పెద్దోడు పోయిన మరుసటేడే నిన్ను బళ్లె వేసిన. తారీఖుల ఎనిమిది, నెలల ఎనిమిది, ఏడుల ఎనిమిది. భయమైంది బిడ్డా నాకు. బడి పెద్దసారు కాళ్లు పట్టుకొని మూడూ నేనే తీయించిన."